పాపకి నాలుక కింద పొర అతుక్కుని ఉంది, కత్తిరించాలా వదిలేయాలా?

కందుకూరు అమ్మాయి:
మాది కందుకూరు. పాపకి 24 రోజులు. పాలు పట్టుకోవడం వదిలేయడం, పట్టుకోవడం వదిలేయడం, తాగేటప్పుడు టక్ టక్ అని శబ్దం, గంటసేపు పట్టినా ఆకలి తీరక ఏడుస్తా ఉంది, నాకేమో చనుమొనలు పగిలి కన్నీళ్ళొస్తన్నాయి. పుట్టినప్పుడు 2.9 కేజీలు, నిన్న తూస్తే అంతే ఉంది. ఏడ్చినప్పుడు చూస్తే నాలుక పైకి లేవదు, కొన మధ్యలో నొక్కుకుపోయి హార్టు బొమ్మలా అవతా ఉంది, కింద పొర కొన దాకా ఉంది. మా అమ్మమ్మేమో పాతకాలంలో మంత్రసాని గోరుతో తెంపేసేది, ఇప్పుడూ అట్టా చేసేవాళ్ళు ఉండారు అంటది, మా అత్తేమో వసకొమ్ము అరగదీసి పాప నాలుకకి రాస్తే మాటలు బాగా వస్తాయంటది. పైపెదవి లోపల కూడా చిగురు దాకా ఇంకో పొర ఉంది. అదీ జబ్బేనా?

కావలి అమ్మ:
చెల్లెమ్మా, గోరుతో మాత్రం తెంపనీయబాక. నాలుక కింద రక్తనాళాలు, ఉమ్మి వచ్చే గొట్టాలు అన్నీ ఆడే ఉంటాయి, చీము పట్టిందంటే పసిబిడ్డ తట్టుకోలేదు. మా వాడికీ ఇదే. పిల్లల డాక్టరమ్మ ముందు నేను పాలిచ్చేది దగ్గర కూర్చుని చూసింది, పట్టుకునే తీరు మార్పించింది, వారం చూసినా బరువు పెరగలేదని అప్పుడు కత్తిరించారు. దుప్పట్లో చుట్టి పట్టుకున్నారు, కత్తెరతో ఒక్క క్షణం, రెండు మూడు చుక్కల రక్తం, వెంటనే రొమ్ముకి పెట్టమన్నారు, వాడు ఏడుపు మాని తాగేశాడు. మర్నాడు నాలుక కింద తెల్లగా పసుపుగా మచ్చ కనిపిస్తే చీము అనుకుని పరిగెత్తాను, అది పుండు మానేటప్పుడు మామూలుగా వచ్చేదేనంట. నా నొప్పి ఒక్కరోజులో పోలేదు, తగ్గేదానికి టైం పట్టింది.

ఒంగోలు డెంటిస్ట్:
అమ్మా, ముందు ఆ పెదవి పొర గురించి భయం తీసేయండి. అద్దంలో మీ పైపెదవి ఎత్తి చూసుకోండి, మీకూ ఉంటుంది. కింది పెదవికి ఉంటుంది, బుగ్గల వైపు చిన్నవి ఉంటాయి. పసిపిల్లల్లో పైది చిగురు అంచు దాకా దిగి ఉంటుంది, దవడ పెరిగే కొద్దీ పైకి జరిగినట్టవుతుంది. రేపు ముందు పళ్ళ మధ్య సందు వచ్చినా కంగారు పడొద్దు, 11, 12 ఏళ్ళకి కోరపళ్ళు వచ్చేటప్పుడు చాలామందికి అదే మూసుకుంటుంది, అంతదాకా మేం కూడా కత్తిరించం. నడక నేర్చేటప్పుడు పడి ఈ పొర చీలితే నోటినిండా రక్తం కనిపిస్తుంది, శుభ్రమైన గుడ్డతో పెదవి మీద నొక్కి పట్టుకుంటే మామూలుగా ఆగిపోతుంది, కుట్లు అరుదు. ఆగిందా లేదా అని పెదవి ఎత్తి ఎత్తి చూడకండి, మళ్ళీ కారుతుంది.

నాలుక సంగతి వేరు. పొర ఉన్నంత మాత్రాన కత్తిరించక్కర్లేదు, ఇబ్బంది ఉంటేనే. కానీ మీ పాప రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి తిరిగొచ్చి, ఇప్పటికి దాన్ని దాటి ఉండాలి, 24 రోజులకీ అంతే ఉందంటే రేపే చూపించండి. రక్తం గడ్డకట్టేదానికి పుట్టగానే వేసే విటమిన్ కె ఇంజెక్షన్ వేశారా, ఇంట్లో రక్తం గడ్డకట్టని జబ్బు ఎవరికైనా ఉందా, ఇవి రెండూ డాక్టరుకి చెప్పండి. వస వద్దు, ఆరు నెలల దాకా తల్లిపాలే.

మార్కాపురం టీచరు:
మాటల గురించి ఒక్కమాట. ఈ పొర వల్ల ల, ర, ట, డ లాంటివి పలకడం కష్టం కావచ్చు గానీ మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. మా బంధువుల బాబుకి మూడేళ్ళకీ మాటల్లేవని నాలుక కింద కత్తిరించారు, ఏడాది ఎదురుచూశారు, చివరికి టెస్టు చేయిస్తే చెవులు వినపడటం లేదు. ఆ ఏడాది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. దయచేసి వినికిడి టెస్టు కూడా అడగండి.

కందుకూరు అమ్మాయి:
అక్కా, సార్, అందరికీ చాలా థాంక్స్. ఈరోజు నెల్లూరు వెళ్ళాం. పాలు పట్టే తీరు చూసి ఈ పొర తీయాల్సిందే అన్నారు, విటమిన్ కె వేసిన కాగితం చూపించాక చేశారు. మా అమ్మమ్మే పాపని పట్టుకుంది. ఇప్పుడు తాగతా ఉంది, ఆ టక్ టక్ తగ్గింది. పిండిన పాలు కూడా గిన్నెతో పట్టమన్నారు, మూడు రోజులకి మళ్ళీ బరువు చూస్తారంట. వినికిడి టెస్టుకి కూడా రాయించుకున్నాను.