అప్‌డేట్: చివరికి డోల్మాబాచే ప్యాలెస్‌కే వెళ్లాం

ఇస్తాంబుల్‌లో ఒక్క రోజే ఉంటాం, తోప్‌కాపీ ప్యాలెస్ చూడాలా, డోల్మాబాచే ప్యాలెస్ చూడాలా అని అడిగాను కదా. చాలామంది తోప్‌కాపీకే ఓటేశారు గానీ, మాకు దొరికింది మంగళవారం. ఆ రోజు తోప్‌కాపీకి సెలవు. (డోల్మాబాచేకి సోమవారం సెలవు, చూసుకోండి.)

ఒట్టోమన్ సుల్తాన్ అబ్దుల్‌మెజీద్ కట్టించగా 1856లో పూర్తయిన ప్యాలెస్ ఇది. 285 గదులు! మెట్ల రెయిలింగ్ కడ్డీలు క్రిస్టల్‌వి. అమ్మ అక్కడి నుంచి కదిలితే ఒట్టు. దర్బారు హాల్లో నాలుగున్నర టన్నుల షాండ్లియర్‌ను చూసి చూసి మెడ పట్టేసింది. లోపల ఫోటోలు తీయనివ్వరు, అదొక్కటే బాధ.

1938 నవంబరు 10న టర్కీ తొలి అధ్యక్షుడు అతాతుర్క్ కన్నుమూసిన గదిలో మంచం మీద టర్కీ జెండా పరిచి ఉంది, గడియారం 9:05 దగ్గర ఆగి ఉంది. ఆ గది హరెమ్ (అంతఃపురం) వైపు ఉంటుంది. దర్బారు వైపు మాత్రమే చూసి బయటికొచ్చేయకండి.