ఇండోర్ హాకీ ఐరోపా పోటీలు: ఒక సందేహం

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
పురుషుల జాతీయ జట్ల ఐరోపా ఇండోర్ (హాలు లోపల ఆడే) హాకీ పోటీని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో చూసిన ఆటకూ దీనికీ పోలికే కనిపించలేదు. ఎవరూ కర్ర ఎత్తి కొట్టడం లేదు, పక్కకు పోయిన బంతి మళ్ళీ లోపలికే వస్తోంది. ఇది హాకీయేనా?

బరంపురం నుంచి జవాబు:
హాకీయేనండీ. కోర్టు పొడవు 36 నుంచి 44 మీటర్లు, వెడల్పు 18 నుంచి 22 మీటర్లే కాబట్టి, అంత దగ్గరలో బలంగా కొడితే ఎవరి మూతిపళ్ళో రాలిపోతాయి. అందుకే బంతిని నెట్టాలే తప్ప కొట్టకూడదని, డీ (గోలు ముందు గీసిన అర్ధవలయం) లోపలి నుంచి గోలుకు గురిపెట్టినప్పుడు తప్ప పైకి లేపకూడదని నియమం. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురే ఆడతారు. పక్కల పొడవునా 10 సెంటీమీటర్ల ఎత్తు పలకలుంటాయి. క్యారమ్ బోర్డు మీద కాయను అంచుకు తగిలించి రాబట్టినట్టు, బంతిని వాటికి తగిలించి తోటి ఆటగాడికి అందించడమే నా దృష్టిలో ఈ ఆటకు ప్రాణం.

రాయగడ నుంచి జవాబు:
చలికాలంలో బయట ఆడటం కష్టం కనుక ఇది జర్మనీలో పాతుకుపోయింది. ఐరోపా పోటీ 1974లో మొదలైంది, తొలి విజేత పశ్చిమ జర్మనీ. ఆరుబయట హాకీలో పెద్దగా పేరులేని ఆస్ట్రియా 2018లోనూ 2023లోనూ ఇండోర్ ప్రపంచ కప్పు గెలవడం నాకు మరీ ముచ్చట. ఆసియాలో అలా ఇండోర్ ఆటలో ముందున్నది ఇరాన్.

పర్లాకిమిడి నుంచి:
కృతజ్ఞతలండీ. నిన్న మా వీధి పిల్లలు సిమెంటు గచ్చుకు రెండు పక్కలా వెదురు బద్దలు పరచి ఆడారు. మూడో నెట్టుకే బంతి బద్ద దాటి కాలువలో పడింది.