టైప్ 1 మధుమేహం ఉన్న అబ్బాయికి మాస్క్‌తో ట్రెడ్‌మిల్ పరీక్ష

ప్రశ్న:
నమస్కారం. మా అబ్బాయికి 24 ఏళ్లు. చిన్ననాటి నుంచీ టైప్ 1 మధుమేహం ఉంది. హాఫ్ మారథాన్‌కు సాధన మొదలుపెడతానంటే, డాక్టరు గారు ముందుగా ముఖానికి మాస్క్ తగిలించి చేసే ట్రెడ్‌మిల్ పరీక్ష రాశారు. మాస్క్ ఉండగా షుగర్ పడిపోతే ఎలాగన్నది నా భయం. పైగా వాడి వాచీ చూపే వీఓటూ మ్యాక్స్ (గట్టిగా శ్రమించినప్పుడు శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) అంకె, వాడితోపాటే పరుగెత్తే స్నేహితుల కంటే తక్కువగా ఉంటోంది. దానికి కారణం మధుమేహమేనా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1:
అమ్మా, ఇటువంటి పరీక్షలు చేసే విభాగంలోనే పనిచేస్తున్నాను. పీల్చే, వదిలే గాలిని కొలుస్తూ, వేగాన్నీ ఎత్తునూ క్రమంగా పెంచుతూ, సాధారణంగా 8 నుంచి 12 నిమిషాల్లో మనిషి ఇక చాలనే స్థితికి వచ్చేలా పరీక్షను నడుపుతాం. ఇంత తక్కువ సమయంలో ఇంత తీవ్రంగా శ్రమించినప్పుడు, అడ్రినలిన్ ప్రభావంతో షుగర్ తరచూ పెరుగుతుంది. గంటసేపు నింపాదిగా పరుగెత్తినప్పుడే అది ఎక్కువగా దిగుతుంది. అయినా జాగ్రత్తలు తప్పవు. మొదలుపెట్టేటప్పుడు షుగర్ 126 నుంచి 180 మధ్య ఉంటే మంచిది. 90 కన్నా తక్కువ ఉంటే 10 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, పెరిగేదాకా ఆగాలి. 270 దాటితే రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) చూడాలి. అవి లీటరుకు 1.5 మిల్లీమోల్, అంతకు మించి ఉంటే ఆ రోజు పరీక్ష చేయకూడదు. గడిచిన 24 గంటల్లో ఇతరుల సాయం కావలసినంతగా షుగర్ పడిపోయి ఉన్నా వాయిదా వేయాల్సిందే. ఒంటికి అంటించుకునే షుగర్ సెన్సర్ ఉన్నా గ్లూకోమీటరు వెంట తెచ్చుకోండి; షుగర్ వేగంగా మారుతున్నప్పుడు సెన్సర్ అంకె కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. మాస్క్‌తో మాట్లాడటం కష్టం కాబట్టి, ఆపమనడానికి చేతి సైగ ముందే అనుకుంటాం.

సమాధానం 2:
నేనూ టైప్ 1తోనే పరుగెత్తుతున్నాను. వాచీ ఆక్సిజన్ వినియోగాన్ని కొలవదండీ; గుండె వేగాన్నీ పరుగు వేగాన్నీ చూసి అంచనా కడుతుంది. దీర్ఘకాల మధుమేహం గుండెను నియంత్రించే నరాలను దెబ్బతీస్తే, ఊరికే కూర్చున్నప్పుడు గుండె వేగం ఎక్కువగానూ, గట్టిగా శ్రమించినప్పుడు పెరగవలసినంత పెరగకుండానూ ఉంటుంది. అప్పుడు వాచీ అంచనాతోపాటు, 220లోంచి వయసు తీసేసే లెక్క కూడా నమ్మదగ్గది కాదు. నా దృష్టిలో ఈ పరీక్ష అసలు విలువ అక్కడే ఉంది: మీ అబ్బాయి గుండె నిజంగా ఎంతవరకు వేగం అందుకుంది, ఏ దశలో ఆయాసం ఒక్కసారిగా ఎక్కువైంది అన్నది కొలిచి చూపుతుంది కనుక, సాధనను ఆ అంకెల మీద కట్టుకోవచ్చు. టైప్ 1 వారిలో సగటున వీఓటూ మ్యాక్స్ కొంత తక్కువన్నది నిజమే, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే అంకె) ఎక్కువగా ఉండేవారిలో మరీను. కానీ సగటు చూసి పిల్లవాణ్ణి అంచనా వేయకండి. రైడర్లందరూ టైప్ 1 వారే అయిన టీమ్ నోవో నార్డిస్క్, సుమారు 300 కిలోమీటర్ల మిలాన్–శాన్ రెమో సైకిల్ పందెంలో పోటీపడింది.

సమాధానం 3:
కంటి సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ఇన్నేళ్ల మధుమేహం తరువాత, రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి చికిత్స జరగకుండా ఉంటే, తీవ్రమైన శ్రమతో కంట్లో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. రెటీనా పరీక్ష ఈ మధ్య జరిగిందా?

ప్రశ్న అడిగినవారు:
జరిగి రెండేళ్లు దాటింది. ముందు అది చేయించి, ఆ తరువాతే ట్రెడ్‌మిల్ తేదీ తీసుకుంటాం. పరీక్ష అయ్యాక ఇంటి దగ్గర ఏమైనా గమనించాలా?

సమాధానం 1:
గమనించాలమ్మా. శ్రమించిన కండరాలు ఖర్చయిన గ్లైకోజన్‌ను (కండరాల్లో నిల్వ ఉండే చక్కెరను) నింపుకోవడానికి గంటల తరబడి గ్లూకోజ్‌ను లాక్కుంటాయి కనుక, ఆ రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు. పడుకునే ముందు ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి చూసుకోవాలి. రాత్రి ఇన్సులిన్ మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరు గారిని ముందే అడిగి రాసి పెట్టుకోండి.