కంపెనీ పిస్టన్లతోనే టర్బో ఇంజిన్ పవర్ ఎంతవరకు పెంచవచ్చు?

బొబ్బిలి సభ్యుడు: మా మారుతి స్విఫ్ట్‌లో ఉన్నది ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్, 75 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). లోపలి పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీలు) మార్చకుండా కేవలం రీమ్యాప్‌తో, అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి, 100 పీఎస్ తెప్పిస్తామని ట్యూనర్ అంటున్నారు. ఇది క్షేమమేనా?

టెక్కలి సభ్యుడు: నిశ్చింతగా చేయించుకోవచ్చు. ఇదే ఇంజిన్‌ను ఎస్ఎక్స్4లోనూ, ఎర్టిగాలోనూ 90 పీఎస్‌తో మారుతి అమ్మింది. ఏ కంపెనీ అయినా కొంత మిగులు బలం ఉంచుతుంది గనుక మరో 10 పీఎస్‌కు రాడ్లు వంగవు.

విజయనగరం సభ్యుడు: టెక్కలి వారు చెప్పిన 90 నిజమే, కానీ అది ఎలా వచ్చిందో చూడాలి. 75 పీఎస్ రకం గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 190 న్యూటన్ మీటర్లు, 90 పీఎస్ రకానిది 200. పవర్ ఐదో వంతు పెరిగినా టార్క్ పెరిగింది పది మాత్రమే; వేరియబుల్ జ్యామెట్రీ టర్బో (ఇంజిన్ వేగాన్ని బట్టి రెక్కల కోణం మారే టర్బో) అమర్చి, ఎక్కువ ఆర్‌పీఎంలో టార్క్ పడిపోకుండా నిలబెట్టడం వల్లనే మిగతా పవర్ వచ్చింది. రాడ్‌ను వంచేది సిలిండర్‌లోని ఒత్తిడి, ఆ ఒత్తిడి జాడ తెలిసేది టార్క్‌లో. 100 పీఎస్ 4000 ఆర్‌పీఎం దగ్గర రావడానికి 176 న్యూటన్ మీటర్లు చాలు, 3000 దగ్గరే రావాలంటే 234 కావాలి. ఈ రెండింటినీ 'వంద' అనే ఒకే అంకెతో అమ్మడం నాకు అన్యాయంగా తోస్తుంది.

టెక్కలి సభ్యుడు: లెక్క ఒప్పుకుంటాను. అయితే జాతీయ రహదారి మీద శ్రీకాకుళం వెళ్లి వచ్చే బండిని ఎవరూ ఎప్పుడూ పూర్తి యాక్సిలరేటర్ మీద నడపరు గదా!

విజయనగరం సభ్యుడు: ఆ మాట వేడి విషయంలో చెల్లుతుంది, ఒత్తిడి విషయంలో చెల్లదు. లారీని దాటే ఆ కొద్ది క్షణాల్లోనే రాడ్ మీద పూర్తి భారం పడుతుంది. వేడి మాత్రం కూడుతూ పోతుంది: ఎస్.కోట నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు బండి వేగం తక్కువ, ఇంజిన్ మీద భారం ఎక్కువ, రేడియేటర్‌కు తగిలే గాలి స్వల్పం. గాలికి మించి డీజిల్ పోస్తే నల్లపొగతో పాటు ఎగ్జాస్ట్ వేడి పెరిగి, పిస్టన్ తల కరిగే ప్రమాదం కూడా ఉంటుంది.

బొబ్బిలి వారు ట్యూనర్‌ను 1500 నుంచి 4000 ఆర్‌పీఎం వరకు టార్క్ గ్రాఫ్ అడగండి. గరిష్ఠం 200 దగ్గర ఆగితే ఆలోచించవచ్చు; 230 దాటితే వద్దని చెప్పండి.