పెద్ద స్కేల్ మిగ్-21: 1/32 ట్రంపెటర్ తీసుకోవాలా, 1/48 ఎడ్యువార్డ్ తీసుకోవాలా?

రెక్కలగుర్రం (ప్రశ్న):

నమస్కారం. ఇంతవరకు నేను 1/72 స్కేల్, అంటే అసలుదానిలో 72వ వంతు ఉండే ప్లాస్టిక్ విమాన నమూనాలే చేశాను. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వైమానిక దళం మిగ్-21కు వీడ్కోలు పలికిన దగ్గర నుంచి, ఆ విమానాన్ని ఒక్కటైనా పెద్ద స్కేల్‌లో, భారత గుర్తులతో చేసి పెట్టుకోవాలన్న కోరిక బలపడింది. వెతగ్గా వెతగ్గా ట్రంపెటర్ వారి 1/32 మిగ్-21 ఎంఎఫ్, ఎడ్యువార్డ్ వారి 1/48 మిగ్-21 శ్రేణి, ఈ రెండింటి దగ్గర ఆగాను. మొదటిదానిలో ఇంజిన్ కూడా వస్తుందని, రెండవదానిలో ఆకారమూ ప్యానెల్ గీతలూ (రేకుల అతుకులను చూపే గీతలు) నిక్కచ్చిగా ఉంటాయని అంటారు గాని, రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచి చెప్పినవారు నాకు కనబడలేదు. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నమెంట్ హౌస్‌పై రాకెట్లు ప్రయోగించిన విమానాలలో ఒకదాన్ని చేయాలని నా ఆలోచన. అందుకు ఏది తగినది? నేను ఉండేది విశాఖపట్నంలో. లోహపు రంగు వేయవలసి వస్తే ఇక్కడి తేమతో ఇబ్బంది ఉంటుందేమో కూడా దయచేసి చెప్పండి.

పాతజిగురు:

రెక్కలగుర్రం గారూ, మీరు స్కేల్ గురించి అడిగారు గాని, మీరు కోరుకున్న విమానాన్ని బట్టి చూస్తే ముందు తేల్చుకోవలసింది ఏ రకం మిగ్-21 అన్నది. ఢాకాపై దాడి చేసినవి ఎఫ్‌ఎల్ రకానివి, అంటే మన వైమానిక దళం టైప్ 77 అని పిలిచేవి. మీరు చూస్తున్న 1/32 కిట్ ఎంఎఫ్. ఈ రెండూ దూరం నుంచి ఒకటిగానే కనిపిస్తాయి గాని, పెద్ద స్కేల్‌లో తేడాలు దాగవు. ఎఫ్‌ఎల్ కానపీ (పైలట్ మీది అద్దపు మూత) ముందువైపు కీలుపై, గాలిఅద్దంతో సహా ఒకే ముక్కగా పైకి లేస్తుంది. ఎంఎఫ్‌లో గాలిఅద్దం కదలదు, కానపీ మాత్రం కుడివైపుకు తెరుచుకుంటుంది. ఎఫ్‌ఎల్ ముక్కుపైన ఉండే పొడవాటి పిటాట్ గొట్టం (గాలి వేగం కొలిచేది) సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఎంఎఫ్‌లో అది కుడివైపుకు జరిగింది. ఎఫ్‌ఎల్‌కు ఒక్కో రెక్క కింద ఒక్క పైలానే (ఆయుధాలు తగిలించే కొక్కెం), ఎంఎఫ్‌కు రెండేసి. ఎఫ్‌ఎల్‌కు లోపల ఫిరంగి లేదు, అందుకే ఆ యుద్ధంలో పొట్ట కింద జీపీ-9 గన్ పాడ్ తగిలించుకుని ఎగిరాయి. ఎంఎఫ్‌కు జీఎస్‌హెచ్-23 ఫిరంగి కడుపులోనే అమరి ఉంటుంది. కాక్‌పిట్ వెనుక వీపు కూడా ఎంఎఫ్‌లో లావు. ఇన్ని మార్చాలంటే కిట్‌లో సగం కోసి పారేయాలి.

1/48లోనైతే ఎడ్యువార్డ్ వారు పీఎఫ్, పీఎఫ్‌ఎం రకాలు కూడా తెచ్చారు. ఎఫ్‌ఎల్ అంటే స్థూలంగా పీఎఫ్ ముందుభాగానికి పీఎఫ్‌ఎం తరహా వెడల్పాటి నిలువు తోక చేర్చినది కాబట్టి, ఆ దారిలో వెళ్తే మీ పని చాలా తేలిక. పైగా 1971లో చాలా ఎఫ్‌ఎల్‌లపై స్క్వాడ్రన్లలోనే హడావిడిగా పూసిన కామోఫ్లాజ్ రంగులు ఉండేవి. ఒక్కో విమానానిది ఒక్కో తీరు. మీరు ఎంచుకున్న విమానం ఫొటో ఒకటైనా ముందు పెట్టుకోకుండా రంగు డబ్బా తెరవకండి. ఆకారం కోసమైతే ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఒక ఎఫ్‌ఎల్ ఉంది. బెంగళూరు హెచ్‌ఏఎల్ మ్యూజియంలోనూ మిగ్-21 చూడవచ్చు.

బూడిదరంగు:

పాతజిగురు గారు రకం సంగతి తేల్చారు కనుక నేను ప్లాస్టిక్ సంగతి చెబుతాను. మిగ్-21 రెక్కల కొస నుంచి కొసకు వెడల్పు 7.15 మీటర్లు, పిటాట్ గొట్టంతో కలిపి పొడవు సుమారు 15.76 మీటర్లు. 1/48లో ఇది 15 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల పొడవు అవుతుంది. 1/32లో వెడల్పు 22, పొడవు 49. పొడవు ఒకటిన్నర రెట్లే గాని, రంగు పడవలసిన ఉపరితలం రెండుంబావు రెట్లు. 1/72 నుంచి వస్తున్నవారికి ఈ లెక్క ఎయిర్‌బ్రష్ చేతిలోకి తీసుకున్నాక గాని తెలిసిరాదు.

ట్రంపెటర్ కిట్‌లోని ఇంజిన్ గురించి ఒక మాట. ఎంఎఫ్‌లో ఉండేది ఆర్-13. మన దేశం నాసిక్‌లో తయారుచేసుకున్నది మిగ్-21 ఎం, అంటే టైప్ 96. దానిలో ఉండేది పాత ఆర్-11 రకం. మీ విశాఖకు అంత దూరం కాని కోరాపుట్‌లోనే మిగ్ ఇంజిన్లు తయారయ్యేవి. కనుక ఎంఎఫ్‌ను టైప్ 96గా చేయాలనుకునేవారు ఇంజిన్‌ను బయటికి తీసి బండిపై పెట్టి చూపిస్తే, తెలిసినవారి కళ్ళు మొదట పడేది అక్కడే. లోపల మూసేస్తే ఏ గొడవా లేదు, కాని అప్పుడు ఆ ముక్కలన్నీ అతికించి రంగులు వేసిన శ్రమ ఎవరికీ కనబడదు. ఆ పెట్టెలో డబ్బు పెట్టేదే ఇంజిన్ కోసమైతే ఇది ముందే ఆలోచించుకోవలసిన విషయం.

వినైల్ టైర్లు మరొక చిక్కు. చూడటానికి నిజమైన రబ్బరులా ఉంటాయి గాని, మెత్తదనం కోసం వాటిలో కలిపే రసాయనం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి ఊరి, ఆనుకుని ఉన్న పాలీస్టైరీన్ చక్రాన్ని మెత్తబరిచి తినేస్తుంది. నా దగ్గరి ఒక పాత జెట్ నమూనా, ఇది వేరే కంపెనీది లెండి, ఒకవైపు ఒరిగిందేమిటా అని తిప్పి చూస్తే, చక్రం అంచు నమిలిన జీడిపాకంలా సాగి ఉంది. రెజిన్ చక్రాలు విడిగా కొని వేసుకోవడమే మేలు.

గీతల సంగతి విచిత్రంగా ఉంటుంది. 0.3 మిల్లీమీటర్ల గీత 1/48లో అసలు విమానంపై 14 మిల్లీమీటర్ల సందుతో సమానం, అదే 1/32లో 10 కన్నా తక్కువ. అంటే కాస్త లావు గీతను పెద్ద స్కేల్ క్షమిస్తుంది. క్షమించనిది ఖాళీ కాక్‌పిట్. మిగ్‌కు పేరుతెచ్చిన ఆ నీలిపచ్చ రంగు లోపలి గోడలపై వైర్లు, గొట్టాలు లేకపోతే 1/32లో బోసిగా కనబడుతుంది. ఎడ్యువార్డ్ ప్రొఫీప్యాక్ పెట్టెలో రంగులు అచ్చువేసిన ఫొటో ఎచ్ (రసాయనంతో చెక్కిన పలుచని లోహపు) మీటర్ల పలకలు, రంగు వేసేటప్పుడు అద్దాలను కప్పే మాస్కులు వస్తాయి. వీకెండ్ పెట్టె చవక, కాని అందులో అవి ఉండవు. నా ఓటు ఎడ్యువార్డ్‌కే, అదీ ప్రొఫీప్యాక్‌కే.

ఉప్పుగాలి:

పై ఇద్దరితో పూర్తిగా ఏకీభవించలేను. ఎడ్యువార్డ్ ఫొటో ఎచ్ ముక్కలలో కొన్ని ట్వీజర్ల కొసన కూడా కనబడనంత చిన్నవి. యాభై దాటిన కళ్ళకు 1/32 ఒక వరం. ఢాకా విమానమే కావాలంటే సరే, 1/48కి వెళ్ళండి. కాని టైప్ 96 చేసినా తృప్తే అనుకునేవారు ట్రంపెటర్‌ను తీసిపారేయనక్కరలేదు. ఇంజిన్ లోపలే ఉంచి, రెజిన్ చక్రాలు వేసి, కాక్‌పిట్‌కు కొంచెం సొంత పని జోడిస్తే, గదిలోకి అడుగుపెట్టినవారి చూపు ముందుగా దాని మీదే నిలుస్తుంది.

విశాఖ తేమ గురించి. ద్రావకంతో చేసిన లాకర్ రంగు త్వరగా ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దానిపై చేరి తెల్లగా మసక కడుతుంది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ థిన్నర్ కలపండి, కంప్రెసర్‌కు తేమను పట్టే బుడ్డి తప్పక బిగించండి, వీలైతే ఆ ఘట్టాన్ని డిసెంబరు, జనవరి నెలలకు వాయిదా వేయండి. లోహపు రంగు కింద మెరిసే నలుపు పూత వేస్తారు. ఆ నలుపు అద్దంలా రాకపోతే పైన వేసిన అల్యూమినియం ఇసుక చల్లినట్టు కనబడుతుంది. మిగ్-21 ఒడలు గొట్టంలాంటిది కనుక పైనా కిందా పొడవునా అతుకు పడుతుంది. దాన్ని సాపు చేసేటప్పుడు చెరిగిన గీతలను మళ్ళీ చెక్కాలి. ఏ నంబరు గరుకు కాగితంతో రుద్దారో లోహపు రంగు ఊరంతటికీ చెప్పేస్తుంది.

నేరుగా విదేశం నుంచి తెప్పించే ముందు సుంకం చూసుకోండి. ఈ కిట్లు కస్టమ్స్ లెక్కలో బొమ్మలతో పాటు 9503 శీర్షిక కిందికి వస్తాయి. ఆ సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పెద్ద పెట్టెకు రవాణా ఖర్చూ పెద్దదే.

రెక్కలగుర్రం:

అందరికీ కృతజ్ఞతలు. నా షోకేసు అరలు అడుగున్నర పొడవే కాబట్టి 49 సెంటీమీటర్ల విమానం తిన్నగా పట్టదు. ఎఫ్‌ఎల్ కోసం 1/48కే వెళ్తాను. అయితే మరొక సందేహం: ఎడ్యువార్డ్ మిగ్-21 బిస్ కిట్ కూడా కొని, దాన్ని 2019 ఫిబ్రవరి 27న అభినందన్ నడిపిన బైసన్‌గా చేయవచ్చునా? బిస్‌ను ఆధునికీకరించినదే బైసన్ కదా?

పాతజిగురు:

చేయవచ్చు, కాని రంగు మార్చితే సరిపోదు. సుమారు 125 బిస్ విమానాలకు నాసిక్‌లో కొపియో రాడార్, కొత్త ఏవియానిక్స్ (విమానపు ఎలక్ట్రానిక్ పరికరాలు) అమర్చి బైసన్‌గా మార్చారు. ఒడలు, రెక్కలు బిస్‌వే కనుక కిట్ పునాది సరైనదే. పైన మాత్రం క్షిపణులను దారి మళ్ళించే ఫ్లేర్లు వదిలే పెట్టెలు, కొత్త యాంటెనాలు చేరాయి. ఇవి ప్లాస్టిక్ షీటు ముక్కలతో ఇంట్లోనే చేసుకోగలిగినవి. ఆర్-73, ఆర్-77 క్షిపణులు విడిగా కొనుక్కోండి.

అసలు కష్టం గాలిఅద్దం. బిస్‌లో ముందున బల్లపరుపు అద్దం, చుట్టూ ఫ్రేములు ఉంటాయి. బైసన్‌లో ఫ్రేము లేని ఒకే వంపు అద్దం. కిట్ అద్దంపై ఫ్రేములను గీకి పాలిష్ చేసినంత మాత్రాన ఆ వంపు రాదు. కిట్ ముక్కపై ఎపాక్సీ పుట్టీ పెట్టి వంపు తీర్చి, దాన్నే అచ్చుగా వాడి, వేడిచేసిన పలుచని పారదర్శక షీటును దానిపై లాగి కొత్త అద్దం తీయాలి. షీటు మందం అచ్చు మీద అదనంగా చేరుతుంది కనుక, అచ్చును అన్ని వైపులా ఆ మేరకు సన్నగా రుద్దుకుంటేనే అద్దం ఒడలితో సమంగా కూర్చుంటుంది.