రేచీకటి సంగతి ఆరేళ్ల పాపకు చెప్పాలా, వద్దా?

ప్రొద్దుటూరు అమ్మ:
నాకు ఆర్‌పీ ఉంది, రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి లోపలి పొర రెటీనా మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు, పుట్టుకతో జన్యువుల్లో వచ్చేది. మా అమ్మ తన సొంత మేనమామనే చేసుకుంది. చిన్నప్పటి నుంచి పొద్దుగూకితే నాకు దారి కనపడేది కాదు. రేచీకటి అని ఇంట్లో క్యారెట్లు, ఆకుకూరలు తెగ పెట్టేవాళ్లు. అసలు జబ్బు పేరు పాప పుట్టాకే తెలిసింది. ఇప్పుడు పక్కచూపు కూడా తగ్గుతోంది. ఎదురుగా ఉన్నది మాత్రం బాగా కనిపిస్తుంది, సూదిలో దారం ఎక్కిస్తాను. నా కళ్లు చూస్తే ఎవరికీ తేడా తెలియదు. స్కూలు గేటు దగ్గర పక్కనుంచి పలకరించినవాళ్లు నాకు పొగరనుకుంటారు.

మా ఆయనకు తెలుసు. అత్తామామలకు చెప్పలేదు.

నేను చెప్పకపోయినా పాప కనిపెట్టేసింది. మా ఇంట్లో నేలకూ మెట్లకూ కడప బండలే. సాయంత్రమైతే మెట్టు ఎక్కడ అయిపోతుందో నాకు తెలియదు. "మా, ఇంకొకటుంది" అని ముందే చెప్తుంది. కరెంటు పోతే ఆట వదిలేసి నా దగ్గరికి పరిగెత్తుకొస్తుంది. మొన్న పక్కింటి పిల్ల పుట్టినరోజుకు పిలిస్తే, "చీకటి పడితే మా అమ్మ ఒక్కతే ఉంటుంది" అని పోలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆడుకోవాల్సిన పిల్ల నాకు కాపలా కాస్తోంది.

ఒంటిమిట్ట కల్యాణం వస్తోంది. పౌర్ణమి రాత్రి జరుగుతుంది కాబట్టి ఏటా ఏదో ఒకటి చెప్పి ఇంట్లోనే ఉండిపోతున్నాను. ఈసారి పాపే పోదామంటోంది. ఆ జనంలో దాని చెయ్యి జారితే ఎట్ల?

పొద్దున లేవగానే గోడమీద క్యాలెండర్ చూస్తూ, పక్కనున్న స్విచ్‌బోర్డు కనిపిస్తోందా అని పరీక్ష చేసుకుంటాను. రోజంతా నా మనసు ఎట్లా ఉంటుందో దాన్ని బట్టే. పాపకు కూడా వస్తుందేమో అన్న టెన్షన్ వేరే. ఇట్లాంటి జబ్బుతో పిల్లల్ని పెంచినవాళ్లు ఉంటే చెప్పండి. పిల్లలకు ఏం చెప్పారు? మీరెట్లా తట్టుకున్నారు?

కర్నూలు కూతురు:
అక్కా, మా అమ్మకూ ఇదే. మాకు ఎవరూ చెప్పలేదు. నేను పక్కన నిలబడి నీళ్ల గ్లాసు అందిస్తే అమ్మ తీసుకునేది కాదు. నామీద కోపమనుకునేదాన్ని. ఏం తప్పు చేశానా అని రాత్రిళ్లు ఆలోచించేదాన్ని. పన్నెండేళ్లప్పుడు మేనత్త నోట విన్నాను. ఏడుపు రాలేదు అక్కా, అమ్మకు నేనంటే ఇష్టమే అని ప్రాణం లేచొచ్చింది.

అందుకే చెప్పమంటాను. కానీ చెప్పేసి "జేజికి చెప్పొద్దు" అనకండి. ఇప్పుడు మెట్లు ఒకటే కాపలా కాస్తోంది, అప్పుడు రహస్యాన్ని కూడా కాయాలి. అది మోయలేని పని, నాకు తెలుసు. ముందు మీ అత్తకు తెలియనివ్వండి, తర్వాత పాపకు.

అనంతపురం మాస్టారు:
అమ్మా, నాకూ ఆర్‌పీనే, రిటైరయ్యాను. మా వాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు పేపరును సన్నటి గొట్టాలుగా చుట్టి, రెండు కళ్లకూ పెట్టుకుని గది దాటి రమ్మన్నాను. గడప తగిలి తూలాడు. "నాయనా, నీకు రోజూ ఇట్లేనా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేం వివరించాల్సిన అవసరం రాలేదు.

వాడికి పనులు మాత్రం తేల్చి చెప్పాను. నడిచే దారిలో బ్యాగు, చెప్పులు పడేయకూడదు. ఏదైనా ఇచ్చేటప్పుడు "ఇదిగో" అనాలి. అంతే. నన్ను నడిపించడం వాడి పని కాదు, అందుకు తెల్లకర్ర ఉంది. బజార్లో మొదటిసారి దాన్ని తీసినప్పుడు ఒళ్లంతా చెమట పట్టింది. తెలిసినవాళ్లు ఎదురొస్తే మడిచి సంచిలో పెట్టేవాణ్ణి. ఆ సిగ్గు పోవడానికి చాలా కాలం పట్టిందమ్మా. మీ మెట్ల అంచులకు పసుపు పెయింటు వేయించండి, నల్ల బండ మీద బాగా తెలుస్తుంది.

బాధ ఒకసారి పడితే తీరేది కాదు. చూపు తగ్గిన ప్రతిసారీ మళ్లీ మొదలవుతుంది. పక్కచూపు ఎంత మిగిలిందో చూసే ఫీల్డ్ టెస్టు రిపోర్టు వచ్చిన వారం నేను ఎవరితోనూ సరిగా మాట్లాడను. ఇంట్లోవాళ్లు ఆ వారం నన్ను వదిలేస్తారు. మీరు స్విచ్‌బోర్డు చూసి రోజూ ఆ రిపోర్టు తీసుకుంటున్నారు. ఆ పని డాక్టరుకు వదిలేయండి.

ఆప్టోమెట్రిస్ట్, కడప:
పాప గురించి ఒక మాట. మేనరికపు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వచ్చే రకం. మీది అదే అయి, మీవారు ఆ జన్యువు మోయకపోతే పాపకు జబ్బు రాదు. మోస్తుంటే సగానికి సగం అవకాశం. బయటి సంబంధమైతే మోసే అవకాశం తక్కువ. జీన్ టెస్టు చేయిస్తే స్పష్టత వస్తుంది.

ఏటా చెకప్ మానొద్దు. ఆర్‌పీ ఉన్నవాళ్లకు శుక్లం, రెటీనా మధ్యలో నీరు చేరడం వస్తుంటాయి, వాటికి వైద్యం ఉంది. విటమిన్ ఏ మాత్రలు సొంతంగా మింగొద్దు, గర్భంతో ఉంటే మరీ ప్రమాదం. ఎదురుచూపు బాగున్నా, అద్దాలతో సరిచేశాక కూడా ఫీల్డ్, అంటే చూపు ఆనే వెడల్పు, 40 డిగ్రీల లోపు ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని అల్పదృష్టిగా గుర్తిస్తుంది. సర్టిఫికెట్‌కు అడగండి.

ప్రొద్దుటూరు అమ్మ:
మాది బయటి సంబంధమే. చదివాక కొంచెం ఊపిరి ఆడింది. కర్నూలు చెల్లీ, గ్లాసు మాట చదివి లేచిపోయి పాపను దగ్గరికి తీసుకున్నా. ఆదివారం వాళ్లమ్మతో మాట్లాడదామన్నారు మా ఆయన. నేనూ పక్కనే కూర్చుంటా. పెళ్లప్పుడే ఎందుకు చెప్పలేదంటుంది, అప్పటికి మాకే తెలియదని చెప్తాను. పాపకు ఆ తర్వాత పేపరు గొట్టం. సార్, ఒంటిమిట్ట గుంపులో కర్రతో నడవగలనా?

అనంతపురం మాస్టారు:
అంత గుంపులో కర్ర సాగదమ్మా. మీ ఆయన మోచేతి పైన పట్టుకోండి, ఆయన ఒక అడుగు ముందు నడవాలి. పాపను వాళ్ల జేజి పట్టుకుంటుంది. పొద్దుండగానే చేరి కూర్చునే చోటు చూసుకోండి. కర్ర మాత్రం నలుగురికీ కనపడేలా చేతిలో ఉంచుకోండి, జనం తప్పుకుంటారు.