16 వారాల ఆఫ్ సీజన్: 100 మీటర్ల స్ప్రింటర్ పరుగు ఎంత చేయాలి, బరువులు ఎంత ఎత్తాలి?

బ్లాక్‌స్టార్ట్16 (ప్రశ్న):
నాకు 16 ఏళ్లు. 100 మీటర్లు 11.8, 200 మీటర్లు 24.4, రెండూ హ్యాండ్ టైమింగే. మొదటి మీట్‌కి ఇంకా 16 వారాలుంది. స్టార్ట్ పర్వాలేదు గానీ 60 దాటాక పక్క లేన్ల వాళ్లు వెళ్లిపోతున్నారు. ఇప్పుడు వారానికి ఐదు రోజులు 3 కిలోమీటర్ల జాగింగ్, రెండు రోజులు 150 మీటర్లు పదేసి సార్లు, మధ్యలో నిమిషం రెస్ట్. ఖాళీ బార్‌తో స్క్వాట్ నేర్చుకున్నాను, బరువులు ఇంకా ఎత్తలేదు. చివర్లో పడిపోవడం స్టామినా లేకేనా? బరువులు ఎత్తితే కాళ్లు బిగుసుకుని స్పీడ్ తగ్గుతుందంటారు, నిజమేనా?

లేన్4:
స్టామినా కన్నా ముందు నీ టాప్ స్పీడ్ సంగతి చూడాలి తమ్ముడూ. 100లో చివర్లో అందరూ తగ్గుతారు. బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 పరిగెత్తినప్పుడు కూడా 60 నుంచి 80కి 1.61 సెకన్లు పడితే, 80 నుంచి 100కి 1.66 పట్టింది. టాప్ స్పీడ్ ఎక్కువున్నవాడికి తగ్గాక కూడా నీకన్నా ఎక్కువే మిగులుతుంది.

నిమిషం రెస్ట్‌తో పది 150లు ఆపేయ్. మూడోదానికే వేగం పడిపోతుంది, మిగతా ఏడూ అలసిన ఫామ్‌తో నెమ్మదిగా పరిగెత్తడానికి ప్రాక్టీసే. ఫుల్ స్పీడ్ పరుగుకి లెక్క ఇది: ప్రతి 10 మీటర్లకి ఒక నిమిషం రెస్ట్. 30 మీటర్లు కొడితే మూడు నిమిషాలు ఆగాలి. ఖాళీగా నిలబడ్డట్టు అనిపించినా సరే, ఆగు.

సోమవారం యాక్సిలరేషన్: 10 మీటర్లు మూడు, 20 మీటర్లు నాలుగు, 30 మీటర్లు మూడు. మొత్తం 200 మీటర్లు, అంతకు మించొద్దు. గురువారం ఫ్లయింగ్ రన్స్: 25 మీటర్లు మెల్లగా వేగం పెంచుకుంటూ వచ్చి, కోన్‌ల మధ్య 10 మీటర్లు పూర్తి వేగంతో, నాలుగైదు సార్లు. శనివారం చిన్న వాలు ఎక్కుతూ 20–30 మీటర్లు, ఆరు. మంగళ, శుక్రవారాలు గడ్డి మీద టెంపో (ఫుల్ స్పీడ్ కాకుండా తేలిగ్గా పరుగు): 100 మీటర్లు 17 సెకన్లలో, పది సార్లు, మధ్యలో నడక. బుధ, ఆదివారాలు రెస్ట్.

ఫ్లయింగ్ 10ని ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి ఫ్రేములు లెక్కపెట్టు. సెకనుకి 240 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము సుమారు 0.004 సెకన్లు. ఆ రోజు బెస్ట్ 1.10 అనుకో, 1.13 దాటిందంటే సెషన్ అయిపోయినట్టే. ఇంకొకటి కొట్టాలనిపిస్తుంది, కొట్టకు.

బార్‌బెల్_స్పైక్స్:
బరువుల వల్ల స్పీడ్ తగ్గదు. సెట్‌కి పదిహేనేసి రెప్స్ (ఎత్తి దించే సార్లు) చేతకానంతవరకూ లాగి, రెండు రోజులు కాళ్ల నొప్పులతో ట్రాక్ మీదికి వస్తేనే తగ్గుతుంది. అందుకే జిమ్‌ని స్ప్రింట్ రోజునే, స్ప్రింట్ అయ్యాకే పెట్టుకో. సోమ, గురువారాలు చాలు.

మొదటి నాలుగు వారాలు స్క్వాట్ 3 సెట్లు, 8 రెప్స్. సెట్ ఆపేసరికి ఇంకో మూడు రెప్స్ చేయగలిగేలా బరువుండాలి. తర్వాత 4 సెట్లు 5 రెప్స్, వారానికి 2.5 కిలోలకి మించి పెంచకు. మీట్‌కి నెల ముందు నుంచి 3 సెట్లు 3 రెప్స్. మోకాళ్లు లోపలికి పడుతున్నాయన్నా, లోతు తగ్గుతోందన్నా బరువు ఎక్కువైందనే. స్క్వాట్ తర్వాత రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగా వంచి, తుంటి దగ్గర వంగి బార్ దించి ఎత్తడం) 3 సెట్లు 6, స్ప్లిట్ స్క్వాట్ (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి) కాలికి ఆరేసి, కాఫ్ రెయిజ్ (మునివేళ్ల మీద లేవడం) నెమ్మదిగా 12. పై శరీరానికి పుల్ అప్స్, పుష్ అప్స్ సరిపోతాయి.

నార్డిక్ (తొడ వెనక కండరానికి వ్యాయామం) మాత్రం వదలొద్దు. మోకాళ్ల మీద నిలబడి, మడమల్ని ఎవరైనా గట్టిగా పట్టుకుంటే, ముందుకి మూడు నాలుగు సెకన్లలో దిగాలి. మొదట 2 సెట్లు, మూడేసి రెప్స్. తొడ వెనక నొప్పి రెండు రోజులు ఉంటుంది కాబట్టి శనివారం పెట్టుకుంటే ఆదివారం రెస్ట్ కలిసొస్తుంది.

జంప్స్: పోగో హాప్స్ (మోకాళ్లు పెద్దగా వంచకుండా పాదాలతో చిన్న గెంతులు), స్టాండింగ్ బ్రాడ్ జంప్ (నిలబడ్డ చోటు నుంచే ముందుకి దూకడం). మొదట్లో రోజుకి 40 సార్లు నేల తాకితే చాలు. కాంక్రీటు మీద చేసినా, ఒకేసారి 100కి పోయినా షిన్ (మోకాలి కింద ముందు భాగం) నొప్పి మొదలవుతుంది.

కర్వ్‌రన్నర్:
లేన్4 గారి ప్లాన్‌లో ఒక్కటి మారుస్తాను. జాగింగ్, అలసిపోయి కొట్టిన 150లు మాత్రమే చేసిన కాళ్లతో మొదటి వారమే ఫ్లయింగ్ రన్స్ వద్దు. హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) ఎక్కువగా పట్టేసేది పాదం నేల తాకడానికి కాస్త ముందు. కాలు ముందుకి చాచుకుంటుంటే ఆ కండరం సాగుతూనే బ్రేకు వేయాలి. ఆ భారం నిజంగా వచ్చేది పూర్తి వేగంలోనే, జాగింగ్‌తో అలవాటవదు. మూడు వారాలు గురువారం కూడా వాలు పరుగులు, 40 మీటర్లు 85–90 శాతంలో నాలుగు. నాలుగో వారంలో ఫ్లయింగ్, స్పైక్స్ (మేకుల బూట్లు) కూడా అప్పుడే.

200 కోసం చివరి ఐదు వారాలు శనివారం వాలు తీసేసి, 150 మీటర్లు రెండే రెండు, 95 శాతంతో, మధ్యలో 15 నిమిషాల రెస్ట్.

బ్లాక్‌స్టార్ట్16:
థాంక్స్ అన్నా, అందరికీ. జాగింగ్ పూర్తిగా ఆపేయాలా? పరుగులో తొడ వెనక బిగుతుగా అనిపిస్తే ఏం చేయాలి?

లేన్4:
కర్వ్‌రన్నర్ గారన్నది నిజం, మొదటి మూడు వారాలు అలాగే వెళ్లు. జాగింగ్ వార్మప్‌కి ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత లెగ్ స్వింగ్స్, ఎ స్కిప్స్ (మోకాళ్లు పైకెత్తుతూ గెంతుతూ వెళ్లడం), మెల్లగా వేగం పెంచే 40 మీటర్ల పరుగులు నాలుగు. మొత్తం 25 నిమిషాలు పడుతుంది, ఇందులో కోత పెట్టకు.

బిగుతు అనిపించిన క్షణమే ఆ రోజు స్ప్రింట్స్ ఆపేయ్. ఇంకోటి కొట్టి చూద్దామనుకున్నప్పుడే చిరుగుతుంది. మర్నాడు మామూలు నడకలో, మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి లేకపోతే టెంపోతో మొదలుపెట్టు. నొక్కితే ఒకేచోట నొప్పి ఉన్నా, కమిలినట్టు కనిపించినా ఫిజియోకి చూపించాకే మళ్లీ పరుగు. నాలుగో వారం, ఎనిమిదో వారం, పన్నెండో వారం రెప్స్ దాదాపు సగానికి తగ్గించు, వేగం మాత్రం అంతే ఉంచు.